డెబ్బై ఏళ్లు అని రాసిన ఉత్తరం

అందరికీ వందనాలు. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

కష్టకాలంలో వాక్యం గురించి మాట్లాడమన్నారు. ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయనను చూడటానికి ఆస్పత్రికి వెళ్లాను. ఆయనకు మాట పడిపోయింది. మంచం పక్కన స్టూలు మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్లో మాత్రల డబ్బా ఉంది. వారంలో ఏడు రోజులకూ ఏడు గళ్లు ఉంటాయే, అలాంటిది. ఒక్కో గడిలో మాత్రలు లెక్కపెట్టి వేస్తోంది. నేను దారిలోనే ఒక వచనం సిద్ధం చేసుకుని వెళ్లాను. మనందరికీ నోటికి వచ్చినదే, బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలవుతుంది. క్యాలెండర్ల మీద, ఫోన్ స్టేటస్‌లలో, పుట్టినరోజు కార్డుల మీద ఎక్కడ చూసినా అదే. మంచి గొంతుతో చదివాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "నాయనా, దాని పై వచనం కూడా చదువు" అంది.

చదివాను. బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని దర్శిస్తాను, ఈ స్థలానికి తిరిగి రప్పిస్తాను అని ఉంది. ఆవిడ నవ్వింది. "నాకు ఇప్పటికే డెబ్బై రెండు. ఆయనకు డెబ్బై ఎనిమిది. ఇంకో డెబ్బై ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో ప్రార్థన చేసి బయటపడ్డాను. ఇంటికి వచ్చి యిర్మీయా గ్రంథం తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతకుముందు ఆ 52 అధ్యాయాలు ముక్కలు ముక్కలుగా తప్ప వరసగా చదివిందే లేదు. ఈరోజు మీకు చెప్పేదంతా ఆ చదువులోంచి వచ్చిందే.

ఆ 29వ అధ్యాయం ఒక ఉత్తరం, బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసినది. దాని కథ నిజానికి ఒక అధ్యాయం ముందే మొదలవుతుంది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యెరూషలేమును లొంగదీసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల రాజు యెకోన్యాను, అతని తల్లిని, అధికారులను, కంసాలులను, చేతిపనివాళ్లను చెరపట్టుకుపోయాడు. ఆలయపు పాత్రలు కూడా పట్టుకెళ్లాడు. మిగిలినవాళ్లు సిద్కియా అనే రాజు కింద బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారు. అప్పుడు యిర్మీయా మెడ మీద చెక్క కాడి వేసుకుని జనం మధ్యకు వచ్చాడు. బబులోను కాడి మోయక తప్పదు, మెడ వంచి బతకండి అని చెప్పడానికి. ఇలాంటి మాట ఎవరికి నచ్చుతుంది?

ఇక్కడే హనన్యా వస్తాడు. గిబియోను ఊరివాడు, అతనూ ప్రవక్తే. ఆలయంలో, యాజకుల ముందు, జనమంతా వింటుండగా లేచి, రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నాడు. పాత్రలు తిరిగొస్తాయి, రాజు తిరిగొస్తాడు, చెరలోకి పోయినవాళ్లందరూ తిరిగొస్తారు. రెండంటే రెండే ఏళ్లు. ఆ రోజు అక్కడ ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ని. మీరూ కొట్టేవాళ్లే.

హనన్యాను మనం మోసగాడి కింద జమకడతాం. యిర్మీయా అతన్ని అబద్ధంతో జనాన్ని నమ్మించావని ముఖం మీదే అన్నాడు, నిజమే. కానీ అతను డబ్బు తీసుకున్నాడనో, కుట్ర చేశాడనో వాక్యంలో ఎక్కడా లేదు. నా ఉద్దేశంలో అతను తన మాట తనే నమ్మాడు. నమ్మడానికి కారణమూ ఉంది. అంతకు వందేళ్ల ముందు, క్రీ.పూ. 701లో, అష్షూరు రాజు సన్హెరీబు ఇదే పట్టణం మీదికి వచ్చాడు. యెషయా ప్రవక్త ధైర్యం చెప్పాడు, పట్టణం దక్కింది. అప్పుడు కాపాడిన దేవుడు ఇప్పుడు కాపాడడా? హనన్యా చేతిలో ఉన్నది నిన్నటి సాక్ష్యం. దాన్ని ఇవాళ్టికి తారీఖు వేసి అమలు చేయమన్నాడు. అక్కడ తప్పిపోయాడు.

యిర్మీయా ఏం జవాబిచ్చాడో చూడండి. మొదటి మాట "ఆమేన్". యెహోవా అలాగే చేయును గాక, నీ మాట నెరవేరును గాక అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చేదు కబురు చెప్పేవాడికి ఆ చేదు ఇష్టమని మనం అనుకుంటాం. యిర్మీయాకు ఇష్టం లేదు. హనన్యా చెప్పిందే నిజమైతే బాగుండునని అతనికీ ఉంది. ఆ తర్వాత హనన్యా అతని మెడ మీది కాడిని లాగి విరిచేస్తే, ఎదురు మాట్లాడకుండా తన దారిన వెళ్లిపోయాడు. చెక్క కాడి విరిచావు, దానికి బదులు ఇనుప కాడి వస్తుంది అన్న జవాబు తర్వాత వచ్చింది. హనన్యా ఆ ఏడాదే ఏడో నెలలో చనిపోయాడు.

ఇప్పుడు 29వ అధ్యాయానికి రండి. ఈ రెండేళ్ల కబుర్లు బబులోనులో ఉన్నవాళ్లకూ చేరాయి. అక్కడా కొందరు ప్రవక్తలు అదే పాట అందుకున్నారు. రెండేళ్లలో వెళ్లిపోతామనుకున్నవాడు మూట విప్పడు కదా. వాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం ఇది. ఇళ్లు కట్టుకోండి, కాపురం ఉండండి. తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. అన్నిటికన్నా గొంతు దిగని మాట ఏడో వచనంలో ఉంది. మిమ్మల్ని పట్టుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి అన్నాడు. బబులోను కోసం ప్రార్థన! తమ ఇల్లు కూల్చినవాడి ఊరు బాగుండాలని మోకాళ్లు వంచడం ఎంత కష్టమో ఆలోచించండి.

వాళ్లు ఈ ఉత్తరం ప్రకారం నడిచారా? అందరి సంగతీ చెప్పలేం గానీ, ఇరాక్ ప్రాంతం నుంచి బయటపడ్డ మట్టి పలకలు కొన్ని ఉన్నాయి. వాటిలో "యాహూదు" అనే ఊరి పేరు వస్తుంది, అంటే యూదా అనే అర్థం. చెరలోకి వచ్చినవాళ్లకు తమ దేశం పేరు మీదే ఏర్పడిన ఊరు. వాటిలో అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 572 నాటిది, అంటే 597 తర్వాత దాదాపు పదేళ్లకు యెరూషలేము పూర్తిగా కూలింది కదా, ఆ కూలిన సుమారు పదిహేనేళ్లకే రాసినది. ఆ పలకల రాతల పెద్ద సంపుటి 2014లో అచ్చయింది. ఆ పలకల నిండా ఉన్నవేమిటి? పొలాల కౌళ్లు, పన్నులు, అప్పులు, పంట పంపకాలు. ఒక్క కీర్తన లేదు, ఒక్క దర్శనం లేదు. వాటిని రాసిన లేఖరులకు యిర్మీయా ఎవరో తెలిసి ఉండదు. అయినా ఆ ఉత్తరం చదివి ఈ లెక్కలు చూస్తే నాకు గుండె నిండినట్టయింది. నాటండి అన్నాడు, నాటారు.

అందుకే 11వ వచనాన్ని విడిగా కత్తిరించి ఇవ్వకండి అంటాను. అది అబద్ధమని కాదు. ఇచ్చేటప్పుడు పైనున్న పదో వచనం బరువు కూడా చేతికివ్వాలి. డెబ్బై ఏళ్లంటే, ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లరని అర్థం. "సమాధానకరమైన ఉద్దేశములు" అన్న మాటను తాము తిరిగి చూడని ఊరి గురించి విన్నారు వాళ్లు.

మన కాలంలోనూ హనన్యాలు తక్కువేం లేరు. రోగం వచ్చినా, యుద్ధం వచ్చినా, ఉద్యోగాలు పోయినా, తారీఖుతో సహా వాగ్దానం ఇచ్చేవాళ్లు దొరుకుతారు. జరగకపోతే నీ విశ్వాసం చాల్లేదంటారు. దీనికన్నా క్రూరమైన మాట నాకు తెలియదు. నమ్మినవాడు మందు వేసుకోకూడదనేవాళ్లు కూడా ఉన్నారు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చినప్పుడు, సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్‌ను ఇలాంటిదే అడిగారు, క్రైస్తవుడు ప్లేగు నుంచి పారిపోవచ్చా అని. ఆయన ఊళ్లోనే ఉండిపోయాడు. భార్య కతరీనా గర్భవతి. ఇంటినే ఆస్పత్రి చేశారు. అలా ఉండిపోయిన మనిషి రాసిన జవాబేమిటంటే, మందులు వాడండి, గాలి శుభ్రం చేసుకోండి, మీ అవసరం లేని చోటికి పోకండి, మీ మీద ఆధారపడ్డవాళ్లు ఉంటే మాత్రం వదిలి పోకండి. ఇదీ విశ్వాసమే, పైగా ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లకు పనికొచ్చే విశ్వాసం.

ఇంకో సంగతి. ఓపికగా ఉండండి అని ఉత్తరం రాసిన యిర్మీయా తను మాత్రం నోరు మూసుకుని ఓర్చుకోలేదు. 20వ అధ్యాయం చూడండి. నేను పుట్టిన దినం శపింపబడును గాక అంటాడు. మా నాన్నకు మగపిల్లాడు పుట్టాడని శుభవార్త చెప్పినవాణ్ని కూడా వదల్లేదు! పాపం, వాడేం చేశాడు? దేవుడితో నువ్వు నన్ను నమ్మించి లోబరుచుకున్నావని అంటాడు. ఇవన్నీ మన బైబిల్లో ఉన్నాయి. ఎవరూ కొట్టేయలేదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. 13వ కీర్తన మొదటి మాటే, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" మనం ఆదివారం పాడుకునే పాటల్లో మూడో వంతు ఇలా ఉంటాయా? లేవు. ఉండాలని నా కోరిక. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వచ్చి కూర్చుంటే, ఆమె పాడగలిగిన పాట ఒక్కటీ మన దగ్గర లేకపోవడం బాధగా ఉంటుంది.

చాలా మొర కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. 88వ కీర్తన అలా ముగియదు. 18 వచనాలు. చివరి మాట, "చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే. తర్వాత 'అయినను' లేదు, 'హల్లెలూయా' లేదు. కానీ ఆ కీర్తన మొదటి మాట "యెహోవా" అని మొదలవుతుంది, నా రక్షణకర్తయగు దేవా అని పిలుస్తుంది. చీకట్లో కూర్చునీ ఆయన్నే పిలుస్తున్నాడు. దేవుడు లేడనుకున్నవాడు ఆయన మీద ఫిర్యాదు చేయడు. సిలువ మీద ప్రభువు కూడా ఇలాంటి కీర్తన మాటనే ఎత్తుకున్నాడు, 22వది. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" ఆ ప్రశ్నకు ఆకాశం నుంచి జవాబు వచ్చినట్టు మార్కు తన సువార్తలో రాయలేదు.

ఇప్పుడు 32వ అధ్యాయం. నాకు బైబిలు మొత్తంలో ఇష్టమైన లెక్కాపత్రం ఇదే. సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం. సిద్కియా తిరగబడ్డాడు, బబులోను సైన్యం మళ్లీ వచ్చి యెరూషలేమును చుట్టుముట్టింది. ప్రాకారాలున్న పట్టణాల్లో యెరూషలేము కాక లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని 34వ అధ్యాయం చెబుతుంది. 1935లో లాకీషు తవ్వకాల్లో సిరాతో రాసిన కుండ పెంకులు 18 దొరికాయి. ఒకదాని మీద సైనికుడెవరో తన అధికారికి రాసుకున్నాడు. లాకీషు సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా మాకు కనబడటం లేదని. పరిస్థితి అది. ఒక్కో దీపం ఆరిపోతోంది.

అలాంటప్పుడు యిర్మీయా ఎక్కడున్నాడు? బందీగా, కావలివాళ్ల ఆవరణలో. అక్కడికి చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం ఉంది, దగ్గరి బంధువుగా నీకే హక్కు, కొనుక్కో అన్నాడు. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్లే. ముట్టడి గోడ అవతల, శత్రువు చేతిలో ఉన్నట్టే. అమ్మేవాడి తెలివికి మాత్రం దండం పెట్టాలి!

హనమేలు వస్తాడని దేవుడు ముందే చెప్పాడట. కానీ అతను నిజంగా వచ్చాకే, ఇది యెహోవా వాక్కు అని నేను తెలుసుకున్నాను అంటాడు యిర్మీయా. అంటే అంతవరకు ప్రవక్తకే కచ్చితంగా తెలియదు. మనకు దేవుని చిత్తం టైపు కొట్టిన కాగితంలా అందాలని ఎదురుచూస్తాం. యిర్మీయాకు అది బేరానికి వచ్చిన బంధువు రూపంలో అందింది.

కొన్నాడు. 17 షెకెళ్ల వెండి. షెకెలు అంటే సుమారు 11 గ్రాములు, మొత్తం 200 గ్రాములకు కాస్త తక్కువ. అక్కడి నుంచి వాక్యం ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. పత్రం రాశాడు. ముద్ర వేశాడు. సాక్షులను పిలిచాడు. వెండిని త్రాసులో తూచాడు. ముద్ర వేసినది ఒకటి, ముద్ర లేనిది ఒకటి. రెంటినీ అందరి ముందూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, మట్టి కుండలో పెట్టు, చాలా రోజులు నిలిచి ఉండాలి అన్నాడు. గోడ అవతల సైన్యం దిబ్బలు పోస్తుంటే, ఇక్కడ రిజిస్ట్రేషన్ జరుగుతోంది. ఒక్క మెట్టు కూడా దాటేయలేదు. మట్టి కుండలో పెట్టిన రాత ఎన్నాళ్లు నిలుస్తుందో మనకు తెలుసు. 1947లో మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన గ్రంథపు చుట్టలు కుండల్లోనే రెండు వేల ఏళ్లు భద్రంగా ఉన్నాయి.

ఇండ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ ఈ దేశంలో మళ్లీ కొంటారు అన్నది ఆ రోజు వచ్చిన మాట. అయితే కొనేశాక యిర్మీయాకు ధైర్యం నిండిపోయిందనుకుంటున్నారా? పత్రం బారూకు చేతికిచ్చిన వెంటనే ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ ప్రార్థన గొప్ప స్తుతితో మొదలై, చివరికి వచ్చేసరికి, ఇదిగో ముట్టడి దిబ్బలు, పట్టణం కల్దీయుల, అంటే బబులోనువాళ్ల, చేతికి పోతోంది, నువ్వేమో పొలం కొనమంటావు అని ముగుస్తుంది. సంతకం పెట్టాక వచ్చిన సందేహం అది. ముందు చేయి పని చేసింది, మనసు తర్వాత కుంటుకుంటూ వచ్చింది.

ఈ పొలాన్ని చెరసాలలో గుర్తు చేసుకున్న మనిషి ఇంకొకరున్నారు. డీట్రిచ్ బోన్‌హోఫర్, జర్మనీ పాస్టరు. 1943 జనవరిలో పెళ్లి నిశ్చయమైంది, ఏప్రిల్‌లో నాజీలు అరెస్టు చేశారు. ఆ ఆగస్టులో చెర నుంచి కాబోయే భార్యకు రాసిన ఉత్తరంలో యిర్మీయా కొన్న పొలం ప్రస్తావన తెచ్చాడు. మన పెళ్లి దేవుని భూమికి 'అవును' అని చెప్పడం కావాలన్నాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరి తీశారు. పెళ్లి జరగలేదు.

యిర్మీయా కూడా ఆ పొలం దున్నలేదు. పట్టణం కూలింది. తర్వాత మిగిలినవాళ్లు అతన్ని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, తీసుకుపోయారు, అక్కడితో అతని కబురు ఆగిపోతుంది. ఆ కుండ ఏమైందో వాక్యం చెప్పదు.

ఆస్పత్రిలో పెద్దాయన నేను వెళ్లొచ్చిన నాలుగో రోజు, బుధవారం రాత్రి చనిపోయారు. డాక్టర్లు ఆ మాట ముందే చెప్పారని, అది విన్నాకే ఆవిడ ఆ డబ్బా నింపుతోందని నాకు తర్వాత తెలిసింది. సామాన్లు సర్దుతుంటే చూశాను, గురువారం నుంచి శనివారం దాకా మూడు గళ్లు నిండుగానే ఉన్నాయి. ఆవిడ దాన్ని ఖాళీ చేయలేదు. మూత నొక్కి సంచిలో పెట్టుకుంది. 32వ అధ్యాయం ఇంటికెళ్లి చదివిన నాకు ఆ మూత చప్పుడు వేరేలా వినిపించింది.

నన్ను చాలామంది అడుగుతారు, ఇలాంటి కాలంలో పక్కవాడికి ఏం చెప్పాలి అని. 38వ అధ్యాయం చదివి ఆపేస్తాను. యిర్మీయాను తాళ్లతో గోతిలోకి దించారు. నీళ్లు లేవు, బురద మాత్రమే ఉంది. అందులో దిగబడిపోయాడు. రాజు ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు, పరదేశి, రాజు దగ్గరికి వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. మనుషుల్ని వెంటబెట్టుకుని నేరుగా గోతి దగ్గరికి పోవచ్చు కదా. పోలేదు. ముందు ఖజానా కింది గదిలోకి వెళ్లి పాత చింపిరి గుడ్డలు, చిరిగిన బట్టలు వెతికి తెచ్చాడు. వాటిని తాళ్లతో కిందికి దించి, "ఈ గుడ్డలు నీ చంకల కింద, తాళ్లకు అడ్డంగా పెట్టుకో" అన్నాడు. తాడు ఒరుసుకుంటుందని. బురదలో కూరుకున్న ముసలి ఒంటిని లాగుతారు కదా, చర్మం ఊడి వస్తుందని.

యిర్మీయా అలాగే పెట్టుకున్నాడు. అప్పుడు పైకి లాగారు.